ఆటగాడు – వేషగాడు
(స్మారకోపన్యాస పాఠము)



పద్యనాటకమునకు జీవితమును ధారవోసిన ఒక నటుని స్మరించుకొనుటకై కూడిన ఈ సభలో వీడియో గేములను గూర్చి ప్రసంగింతునని నేను తెలిపినప్పుడు నిర్వాహకులలో కొందఱు మర్యాదకొలది మౌనము వహించిరి. నా యీడువా రొకరిద్దఱు ఆ మర్యాద నంతగా పాటింపక నవ్విరి. ఎవరి పేరిట మనము నేడు కూడితిమో ఆయన పేరు మీ చేతులలోని ఆహ్వానపత్రికలపై నున్నది గనుక మరల చెప్పను. పగలు నాచారము పారిశ్రామికవాడలో లేత్ మిషను ముందు నిలిచి ఇనుము తరిగిన చేతులతోనే రాత్రి ముఖమునకు అర్దళము పూసికొని, హరిశ్చంద్రుడై, దుర్యోధనుడై రంగస్థల మెక్కిన మనిషి యని మాత్రము ఆయన నెఱుగని పిన్నల కొఱకు చెప్పుదును. అట్టివాని సంస్మరణమున మాటాడదగినది నటుడు పాత్రలో లీనమగుట యను విషయమే గదా! ఆ లీనత నేడు రంగస్థలములపై కంటె బాలుర అరచేతులలో నెక్కువగా జరుగుచున్నదని నా యభిప్రాయము. అందుచేతనే ఈ సాహసము.

నాగోలు నుండి మెట్రోరైలు 2017 నవంబరులో నడువ మొదలిడినది మొదలు, ఉప్పల్, స్టేడియము, ఎన్.జి.ఆర్.ఐ., హబ్సిగూడ, తార్నాక స్టేషనుల నడుమ పోవుచు వచ్చుచు పిల్లల మాటలు వినుట నాకు అలవాటైనది. ఫోనును అడ్డముగా త్రిప్పి, రెండు బొటనవ్రేళ్ళను దానిపై మోపి, చెవులలో ఇయర్‌ఫోనులు దోపుకొని, మల్లాపూర్‌లోనో రామంతాపూర్‌లోనో తన యింట కూర్చున్న స్నేహితునితో "అన్నా, నేను నాక్ అయిన, జల్ది రివైవ్ ఇయ్యి" అని కేక వేయు పిల్లవాడు మీకును తారసపడియే యుండును. బొమ్మ కూలినదని వాడనడు. నా సిపాయి పడెననియు ననడు. తానే నేల కొరగినట్లు, తన్నే లేవనెత్తవలసినట్లు చెప్పును. ప్రక్కన కూర్చున్న ముసలామె ఉలికిపడి వాని మొగము చూచును. వాడు మాత్రము చావుబ్రతుకుల నడుమ నుండియే, హబ్సిగూడలో దిగవలసిన సంగతి మఱువక, సంచి సవరించుకొని తలుపు దగ్గఱకు జరుగుచుండును. చచ్చితి ననుటయు, దిగవలసిన స్టేషను నెఱుకలో నుంచుకొనుటయు ఒక్క మనస్సులో ఏకకాలమున నెట్లు ఇముడుచున్నవను ప్రశ్నయే నన్ను ఈ వేదిక మీదికి తెచ్చినది.

చూచువాని తాదాత్మ్య మెట్టిదో మన ప్రాంతమువారికి వేఱుగ చెప్పనక్కఱలేదు. 2009 నవంబరు 5వ తేదీ రాత్రి ఉప్పల్ స్టేడియములో ఆస్ట్రేలియావారు 350 పరుగులు చేయగా, సచిన్ తెందుల్కర్ 141 బంతులలో 175 పరుగులు చేసి వెనుదిరిగిన పిదప, భారతజట్టు 347 పరుగులకు ఆలౌటై, మూడంటే మూడు పరుగుల తేడాతో ఓడినది. ఆ రాత్రి రింగురోడ్డు వైపు నడచిపోయిన జనమునోట వినవచ్చిన మాట "ఓడిపోయినం" అని. "నేను అవుటైన" అన్నవా డొక్కడును లేడు. అంతటి శోకములోను చూచువాడు గుంపులో నొకడుగా దుఃఖించును. అదే స్టేడియము గోడకు ఆనుకొని ఫోనులో క్రికెట్టాడు కుఱ్ఱవాడు స్వయముగా అవుటగును. ఆ తప్పును ఎవనిపైనను వేయుటకు వానికి వీలు లేదు.

ఈ భేదమును మన ఆలంకారికుల త్రాసులో నుంచి చూతము. రసానుభవమునకు అడ్డు తగులు విఘ్నములను అభినవగుప్తుడు ఏడుగా లెక్కించెను. వానిలో నొకటి, రంగముమీద కనబడు సుఖదుఃఖములు నావే యనిగాని, ఫలానా పరునివే యనిగాని చూచువాడు గిరిగీసికొనుట. శకుంతలను చూచి కంటతడి పెట్టువాడు ఆ శోకము తన బిడ్డదే యనుకొన్నచో ఇంటికి పరుగెత్తును. ఎవరి బిడ్డయో యనుకొన్నచో ఆవులించును. ఈ రెండు గట్టుల నడుమ, ఎవరిదియుగాక అందఱిదియునైన భావమును భట్టనాయకుడు సాధారణీకరణ మనెను. మఱియొక విఘ్నము, ప్రేక్షకుడు తన సొంత సుఖదుఃఖములకు వశుడై యుండుట. అప్పు తీర్చవలసిన గడువు రేపే యైన వానికి ఏ నాటకమును రుచింపదు. ఈ కొలతలతో కొలిచినచో వీడియో గేమునకు మొదటి అడుగులోనే దోషము పట్టును. ఏలయన అది ఆటగానితో చేసికొను తొలి ఒడంబడికయే "ఇది నీకే జరుగుచున్నది" అని. ఓడుదునేమో యను భయము, గెలువవలెనను ఆత్రము, బ్యాటరీ అడుగంటుచున్నదను చింత — నిజసుఖదుఃఖముల మూట విప్పకయే వాడు కథలోనికి పోవుచున్నాడు. కావున ఇందు రసము లేదు, వినోదమాత్రమే యని తీర్పు చెప్పి పుస్తకము మూయవచ్చును. నాకు తెలిసిన పండితులు కొందఱు మూసిరి కూడ.

అయితే ఆ త్రాసు ప్రేక్షకుని కుర్చీకొఱకు చేసినది. దానిని తెర వెనుకకు తీసికొనిపోయి తూచుట న్యాయము కాదు. పదవ శతాబ్దమున దశరూపకమును వ్రాసిన ధనంజయుడు రసమునకు ఆశ్రయము ప్రేక్షకుడే యని తేల్చియు, కావ్యార్థమును భావన చేయు నటునికి సైతము ఆ ఆస్వాదము కలుగవచ్చునని, దానిని కాదనజాలమని, ఒక కిటికీ తెఱచి యుంచెను. పరాసుదేశపు దిదెరో ఇందుకు విరుద్ధముగా, ఉత్తమ నటుడు లోపల చల్లగా నుండి, ఏడుపును కొలిచి ఏడ్చువాడని వాదించెను. ఈ యిరువురి తగవు తీర్చుట నా శక్తికి మించినది. నాకు కావలసినది వారు నిలిచిన చోటు. ఆటగాడు నిలిచినదియు అచ్చటనే. వానికి కథ ముందే వ్రాసి యున్నది, వేషము ముందే కుట్టి యున్నది, మాటలును చాలవఱకు ఇతరులవి, చేయుటయొక్కటియే వానిది. అట్టివానిని మనము చిరకాలముగా నటు డనుచున్నాము. ప్రేక్షకులు లేని నటుడు, లేక తనకు తానే ప్రేక్షకుడైన నటుడు. నేటి నా ప్రతిపాదన ఇంతియే: గేములోని తాదాత్మ్యమును చూచువాని లెక్కలో గాక, వేషము కట్టువాని లెక్కలో తూచవలెను.

"వేషము కట్టువాడు తన్ను తాను మఱచును గదా, పిల్లలును అట్లే మఱచి చెడిపోవుచున్నారు గదా" అని తల్లిదండ్రులు నన్నడుగుదురు. మఱచుట యను మాటను నేను నమ్మను. పద్యనాటకములలో "వన్సుమోర్" అను ఆచారమును ఎఱుగని పిన్నల కొఱకు కొంచెము చెప్పవలెను. మన స్మరణీయులు హరిశ్చంద్ర వేషమున కాటిసీనులో నిలిచి, భార్యను కాటిసుంకమడిగి, గుండెలు కరగునట్లు రాగము తీసి పద్యము ముగించుసరికి, సభలో సగము మంది కన్నులు తుడుచుకొనుచుండగనే వెనుకనుండి "వన్సుమోర్" అను కేక లేచెడిది. ఆయన కాటికాపరి కఱ్ఱను చంక కెత్తుకొని, రెండడుగులు ముందునకు వచ్చి నమస్కరించి, ఎవరో పెద్దమనిషి వేదిక యెక్కి అంగీకి గ్రుచ్చిన పదిరూపాయల నోటును కన్నుల కద్దుకొని, హార్మోనియమువాని వైపు చూచి, శ్రుతి అందగానే మరల అదే కాటిలో, అదే శోకములో, అదే పద్యమెత్తుకొనెడివారు. ఇంతకుముందు కన్నులు తుడుచుకొన్న స్త్రీలు మరల తుడుచుకొనెడివారు. చొక్కాకు వ్రేలాడుచున్న నోటు వారి కన్నీటికి గాని, ఆయన గొంతులోని జీరకు గాని అడ్డు రాలేదు. ఇందులో ఎవ రేమి మఱచిరి? ఆటలో చచ్చి, మొదటికి వచ్చి, మరల అదే వంతెనను అదే గుండెదడతో దాటు బాలుడు ఆ వన్సుమోర్ సంప్రదాయమునకు పరాయివాడు కాడు.

ఇక ఒక ఆటను దగ్గఱనుండి చూతము. 1990ల నడుమ మన నగరములో సందుసందున కంప్యూటరు శిక్షణాలయములు వెలసినప్పుడు, డాసు ఆదేశములు నేర్చుకొనుటకు వచ్చిన యువకులు గురువు గది దాటగనే ఆడిన ఆటలలో ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఒకటి. దానిని జోర్డన్ మెక్నర్ అను అమెరికా యువకుడు దాదాపు ఒంటిచేతితో కట్టి 1989లో వెలువరించెను. అంతకు నాలుగేండ్లకు ముందే తన తమ్ముని పరుగెత్తించి, దూకించి, గోడ నెగబ్రాకించి, ఆ కదలికలను వీడియోలో పట్టి, ఒక్కొక్క భంగిమను బొమ్మలోనికి దించెను; కావుననే ఆ రాజకుమారుడు అంచున ఆగలేక తూలుట, దూకి దిగినప్పుడు మోకాళ్ళు వంచుట నిజమైన మనిషి బరువుతో కనబడును. ఆయన ఆటను కట్టుచున్న ఆపిల్ యంత్రముయొక్క జ్ఞాపకస్థానము ఇంతలోనే నిండిపోయినది. శత్రువులకు వేఱుబొమ్మలు చేర్చుటకు చోటు చాలలేదు. అప్పుడాయన నాయకుని బొమ్మనే తీసికొని, దానిని దానిమీదనే కొంచెము జరిపి కలిపి, మిణుకుమను నీడమనిషిని సృష్టించెను. పేదఱికము నుండి పుట్టిన ఈ ఉపాయమే ఆ యాటకు ప్రాణమైనది. నడుమ నొకచోట దారికి అడ్డముగా నిలువుటద్దము వెలయును. పరుగెత్తుకొని వచ్చి దానిలోనికి దూకినచో మనము ఇటు పడుదుము, మన నీడ అటు దూకి పాఱిపోవును, మనలో ప్రాణము కొన మాత్రమే మిగులును. అటు పిమ్మట ఆ నీడ మనకు అందవలసిన ఔషధమును త్రాగిపోవును, మన ముఖము మీదనే తలుపు మూయించును. కట్టకడపట కత్తి దూసి ఎదురు నిలుచును. అంతవఱకు శత్రువును చూడగనే పొడుచుటకు అలవాటుపడిన ఆటగాడు దానిని పొడుచును. పొడిచిన ప్రతి పోటుకు తన ప్రాణమే తఱుగును. చంపినచో తానే చచ్చును. ఎన్ని మారులో చచ్చిన పిమ్మట, ఎవరును చెప్పకయే, వాని వ్రేళ్ళకు తట్టును: కత్తిని ఒఱలో పెట్టవలెను. పెట్టగానే నీడయు పెట్టును. ఎదురెదురుగా పరుగెత్తి వచ్చి రెండును ఒకటై పోవును.

ఇందు వేదాంతము వెదకుట నాకు సమ్మతము కాదు. మనవారికి ఏది చూచినను అద్వైతము కనబడు జబ్బున్నది. నేను చూడుమనునది వేఱు. నాటకములో ఈ ఘట్టము వచ్చినచో నాయకుడు కత్తి దించెనని మనము మెచ్చుకొందుము. ఇక్కడ కత్తి దించినది మన చేయి. అంతకు ముందు పొడిచినదియు మన చేయియే. మెచ్చుకోలు గాక, సిగ్గును ఆపైన తెలివియు కలిగినవి. చూచువానికి జాలి, భయము, ఆశ్చర్యము లభించును. చేసినవానికి మాత్రమే పశ్చాత్తాపము లభించును. పాత్రలోనికి ఆటగానిని లాగుకొనునది బొమ్మల మెఱుగుకంటె, వ్రేళ్ళకు అప్పగింపబడిన ఈ బాధ్యతయే యని నా నమ్మకము. లేకున్న మూరెడు తెఱమీది గరుకు చుక్కల రాజకుమారునిలో ముప్పదియేండ్ల క్రిందటి మన యువకులు ప్రాణము పెట్టుకొన్నందుకు వేఱు కారణము కనబడదు.

పాశ్చాత్య విద్వాంసులు దీనిని పలువిధముల చెప్పిరి. జేమ్స్ పాల్ జీ అను భాషాశాస్త్రవేత్త 2003లో వెలువరించిన గ్రంథమున, ఆడువాడు, వాడు ధరించిన పాత్ర, ఈ రెండింటి నడుమ "నా పాత్ర ఇట్టిది కావలె"నని వాడు పెంచుకొను మూడవ వ్యక్తి — ఇట్లు ముగ్గురిని చూపెను. ఈ మూడవవాని విషయముననే గౌరవము, అవమానము ఉండునని ఆయన భావము. నిక్ యీ, జెరెమీ బెయిలెన్సన్ అను ఇరువురు స్టాన్‌ఫర్డులో జరిపి 2007లో ప్రకటించిన పరిశోధనలలో, పొడుగుపాటి వేషము నిచ్చినవారు బేరమాడునప్పుడు పొట్టివేషమువారికంటె బిగువుగా నిలిచిరట. అంగీ మార్చినచో నడక మారునని మన పగటివేషగాండ్రు ఏనాడో ఎఱుగుదురు గనుక నాకు ఇందు వింత తోచలేదు.

వింత తోచిన విషయ మొకటి కలదు. దానికి నాచారముతో సంబంధమున్నది. ఇచ్చట రామకృష్ణా స్టూడియోను నెలకొల్పిన నందమూరి తారకరామారావు, 1977 సంక్రాంతికి విడుదలైన దానవీరశూరకర్ణలో కర్ణుడును, దుర్యోధనుడును, శ్రీకృష్ణుడును తానే యయ్యెను, దర్శకుడును తానే. కొండవీటి వెంకటకవి వ్రాసిన సుయోధనుని సంభాషణలను నేటికిని ఈ వాడలో ఆటోడ్రైవర్లు అప్పజెప్పుదురు. మాయాబజారు నాటినుండి ఇరువదేండ్లుగా ఏ మోమును కృష్ణుడని జనము మ్రొక్కినదో, ఆ మోమే కృష్ణుని ధిక్కరించి సభలో నిలిచినప్పుడు, సుయోధనుని పక్షమున గూడ ఒక న్యాయమున్నదేమో యని తెలుగు ప్రేక్షకుని మనస్సు క్షణకాలము తటపటాయించినది. ఇరుపక్షముల వేషమును ఒక్క శరీరము కట్టినందున కలిగిన లాభ మది. అయినను ఆ తటపటాయింపు కుర్చీలో కూర్చున్నవానిది. ఆ శ్రమను ఆటగానిమీదనే మోపిన గేము 2020 జూనులో వచ్చిన లాస్ట్ ఆఫ్ అస్ రెండవ భాగము.

మొదటి భాగమున జోయెల్ అను కఠినుడు, మహమ్మారిచే పాడుపడిన అమెరికాలో, ఎల్లీ అను బాలికను కాపాడుచు తీసికొనిపోవును. తుదకు ఆమెను బ్రతికించుకొనుటకై ఒక వైద్యుని చంపును. చంపించినది ఆటగాని చేతనే. రెండవ భాగము ప్రారంభముననే ఆ వైద్యుని కూతురు అబ్బీ, జోయెల్‌ను కొట్టి చంపును. అక్కడినుండి ఎల్లీయై పగబట్టి సియాటిల్ నగరమంతయు గాలించు ఆటగానిని, సగము దారిలో ఆ యాట మెడబట్టి నిలిపి, ఎల్లీని లాగికొని, అబ్బీ చర్మమును తొడిగి, అవే మూడు దినములను ఆమె కన్నులతో మొదటినుండి నడువుమనును. పిదప ఇరువురును ఎదురుపడిన చోటు పాడుపడిన ఒక నాటకశాల. మా మనుమడు నాచారములోని మా యింట ఈ ఘట్టము ఆడుచుండగా నేను ప్రక్కన కూర్చుంటిని. "తాతా, ఎల్లీని నేనెట్ల కొడ్త?" అని కంట్రోలరును ఒడిలో పెట్టుకొని ఊరకుండెను. ఊరకున్నచో ఎల్లీ వచ్చి అబ్బీని చంపును; ఆట మొదటికి వచ్చును. వాడు ఉద్దేశపూర్వకముగా అబ్బీని పలుమారులు చావనిచ్చెను. అంతకు ముందు గంటలకొలది ఆమెయై నడచినవాడు, ఆమె భయపడిన ఎత్తులనుండి క్రిందికి చూడ జంకినవాడు, ఆమెను చావనిచ్చుటకును మనసొప్పక, కొట్టుటకును చేయాడక, చాలసేపు కూర్చుండెను. తుదకు మీట నొక్కెను. మొగము చిట్లించుకొనియే నొక్కెను. ఈ యాటపై లోకమున నెందఱో ఆగ్రహించిరి, మోసమనిరి. ఆ యాగ్రహము నాకు ఆ రచనయొక్క బలమునకు సాక్ష్యముగానే తోచినది. వేషమును ఇంత బలముగా తొడిగిననే గాని విప్పునప్పుడు చర్మము లేచిరాదు.

విప్పుట యనినంతనే ఒక లోటు చెప్పవలెను. మన నాటకమునకు పూర్వరంగ మున్నది, ప్రార్థన యున్నది, కడపట మంగళ మున్నది. ఆట ముగిసిన పిదప మన స్మరణీయులు కొబ్బరినూనెతో రంగు తుడుచుకొనుచు అరగంటసేపు ఎవరితోను మాటాడెడివారు కారు. ఉదయము షిఫ్టునకు పోవు మనిషి ఆ యరగంటలో హరిశ్చంద్రుని దింపుకొనెడివాడు. ఫోనులోని ఆటకు అట్టి అరగంట లేదు. హబ్సిగూడలో తలుపు తెఱచుకొనును, వేషము జేబులోనికి పోవును. పందెపు ఆటలు, 2025లో పార్లమెంటు చట్టము చేసి నిషేధించిన ఆ డబ్బు ఆటలు, నా ప్రసంగములోనివి కావు. వానిలో పాత్రయు లేదు, వేషమును లేదు, పర్సు మాత్రమే యున్నది.

ఇన్ని చెప్పితిని గనుక నా కోరిక యొకటి చెప్పి ముగింతును. కర్ణుని కథను ఆటగా కట్టువారు కట్టినచో దానిని ఎట్లు కట్టవలెనని నేను పలుమారులు తలపోసితిని. నాటకములో పరశురాముని శాపము మనకు ముందే తెలియును. కర్ణునికి మంత్రము స్ఫురింపనప్పుడు జాలిపడుదుము. ఆటలో నట్లు గాక, మొదటినుండి ఆటగాని బొటనవ్రేలికి బ్రహ్మాస్త్రపు మీట అలవాటు కావలెను. అర్జునుడు ఎదుట నిలిచి రథచక్రము క్రుంగిన వేళ ఆ మీట పలుకరాదు. తెర యేమియు చెప్పరాదు. వాడు నొక్కి, మరల నొక్కి, ఫోను చెడిపోయెనేమో యని త్రిప్పి చూచుకొనవలెను. శాపమనగా నేమో ఆ వ్రేలికి తెలియును. అంతకంటె కష్టమైన ఘట్టము కవచకుండలములది. ఇంద్రుడు బ్రాహ్మణవేషమున వచ్చునని సూర్యుడు కలలో చెప్పిపోయెను. ఆ కవచమే ఆటయంతయు వానిని బాణములనుండి కాచినది. దాని విలువ వానికి ధర్మశాస్త్రమువలన గాక దెబ్బలవలన తెలియును. "దేహి" యని ఎదుట చేయి చాపి నిలిచినవాడు వంచకుడని తెలిసియు, దేహమునుండి దానిని కోసి యిచ్చు మీటను వాడు నొక్కునా? నొక్కనివానికి ఆట అక్కడ ఆగిపోవలెనా, లేక ఆ కవచముతోనే కురుక్షేత్రమునకు పోనిచ్చి, గెలిచి, ఎవరును దాత యని పిలువని లోకములో వానిని తిరుగనీయవలెనా యనునది ఆ యాటను కట్టు యువకులు తేల్చుకొనవలసిన విషయము. నన్నడిగినచో, పోనిండనియే చెప్పుదును.